టన్నుల ఇసుక, ఒక్క అయాను

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలోని నల్ల ఇసుక గురించి ఎప్పుడు చర్చ వచ్చినా లెక్కలన్నీ టన్నుల్లోనే సాగుతాయి. ఇల్మనైట్ ఎన్ని టన్నులు, గార్నెట్ ఎన్ని టన్నులు, వాటి మధ్య మోనజైట్ వాటా ఎంత, ఆ మోనజైట్‌లోని థోరియం దేశానికి ఎన్నేళ్ల కరెంటు ఇవ్వగలదు అన్న వరసలోనే మాటలు నడుస్తాయి. తూర్పు కనుమల ఖొండలైట్, చార్నొకైట్ శిలలు యుగాల తరబడి అరిగి, వంశధార, నాగావళి, మహేంద్రతనయ, చంపావతి నదుల వెంట సముద్రానికి చేరాయి. తేలిక రేణువులను అల వెనక్కి లాక్కుపోగా బరువైనవి ఒడ్డున మిగిలిపోయాయి. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరాల్లోను, దక్షిణాన భీమునిపట్నం వైపు సాగే పట్టీలోను కనిపించే నల్లని చారలు ఇలా ఏర్పడినవే. ఆ చారల్లో పసుపుపచ్చని తేనె రంగు రేణువులుగా అతి తక్కువ పాళ్లలో ఉండేది మోనజైట్.

ఇదే థోరియానికి భౌతికశాస్త్రంలో మరో పద్దు ఉంది. అక్కడ టన్నులకు, కిలోలకు విలువ లేదు. థోరియం వంశంలో పుట్టే ఒకే ఒక్క రేడియం పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించి, మిగిలిన అయానును శూన్యంలో నిలబెట్టి, లేజరు కాంతితో చల్లబరిచి, అది ఏ రంగు కాంతిని ఎంత ఖచ్చితంగా పీల్చుకుంటుందో కొలిస్తే, కేంద్రకం ఆకారం గురించీ ప్రకృతి మూల నియమాల గురించీ పెద్ద యంత్రాలకు కూడా చిక్కని సమాచారం దొరుకుతుంది. గత రెండు దశాబ్దాల్లో వేగంగా ఎదిగిన ఈ రంగంలో అసలు కష్టం పదార్థం దొరకకపోవడం కాదు. దొరికిన కాసిని పరమాణువులను చేజారనివ్వకుండా పట్టి ఉంచడమే కష్టం.

ముందుగా థోరియం వంశాన్ని, అంటే అది క్షీణిస్తూ వరసగా మారే మూలకాల పరంపరను, చూడాలి. మోనజైట్‌లోని థోరియం దాదాపు అంతా థోరియం-232. దాని అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. అది ఆల్ఫా కణాన్ని వదిలి రేడియం-228 అవుతుంది. ఆ రేడియం 5.75 ఏళ్ల అర్ధాయువుతో ఆక్టినియం-228గా, అది కొన్ని గంటల్లోనే థోరియం-228గా మారుతుంది. థోరియం-228 అర్ధాయువు 1.9 ఏళ్లు. దానికి పుట్టేది రేడియం-224, అర్ధాయువు 3.6 రోజులు. ఆ తరువాత రేడాన్, పొలోనియం, బిస్మత్ మీదుగా వంశం చివరికి సీసం-208 దగ్గర ఆగుతుంది. పాత ఖనిజంలో ఈ పరంపర సమతౌల్యంలో ఉంటుంది. అంటే ఏ సభ్యుడు ఎంత వేగంగా క్షీణిస్తాడో అంతే వేగంగా పుడుతూ ఉంటాడు. ఒక గ్రాము థోరియంలో సెకనుకు సుమారు 4,000 కేంద్రకాలు క్షీణిస్తాయి కనుక, అర్ధాయువులను బట్టి లెక్క కడితే ఆ ఒక్క గ్రాముతో పాటు ఎల్లవేళలా దాదాపు లక్ష కోట్ల రేడియం-228 పరమాణువులు, 180 కోట్లకు పైగా రేడియం-224 పరమాణువులు ఉంటాయి. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ వాటా సుమారు 8 నుంచి 10 శాతం కాబట్టి ఒక గ్రాము థోరియానికి డజను గ్రాముల పైచిలుకు మోనజైట్ చాలు. 180 కోట్లు పెద్ద సంఖ్యగా వినిపించినా, తూకంలో అది గ్రాములో లక్ష కోట్ల వంతు కూడా కాదు. రసాయన శాస్త్రానికి అది లేనట్టే లెక్క. అయాను ఉచ్చుకు మాత్రం అదే అపారమైన నిధి.

ఇంత అరుదైన, అల్పాయుష్షు గల పరమాణువుల కోసం ఇంత శ్రమ ఎందుకంటే, స్థిరమైన కేంద్రకాల్లో కనిపించని లక్షణాలు వీటిలో కనిపిస్తాయి. పరమాణువులోని ఎలక్ట్రాన్ ఒక స్థాయి నుంచి మరో స్థాయికి వెళ్లేటప్పుడు పీల్చుకునే కాంతి పౌనఃపున్యాన్ని ప్రధానంగా కేంద్రకపు విద్యుదావేశం నిర్ణయిస్తుంది. అయితే కేంద్రకం బిందువు కాదు. దానికి పరిమాణం ఉంది, ఆకారం ఉంది, కొన్నింటికి అయస్కాంత భ్రామకం ఉంది. న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉండే ఒకే మూలకపు రూపాలు ఐసోటోపులు. అలాంటి రెండింటి మధ్య వర్ణపట గీత, అంటే పీల్చుకునే కాంతి పౌనఃపున్యం, కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడు నుంచి రెండు కేంద్రకాల వ్యాసార్ధాల తేడాను రాబట్టవచ్చు. కేంద్రకానికి భ్రమణం ఉంటే గీత పలు గీతలుగా చీలుతుంది. ఆ అతిసూక్ష్మ విభజన నుంచి అయస్కాంత భ్రామకం, కేంద్రకం గుండ్రని తనం నుంచి ఎంత తప్పిందో తెలిపే చతుర్ధ్రువ భ్రామకం లభిస్తాయి. కేంద్రకాన్ని పగలగొట్టకుండా, దాని చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌నే సాక్షిగా నిలబెట్టి విచారించే పద్ధతి ఇది.

సాక్షి మాట స్పష్టంగా వినిపించకపోవడానికి ముఖ్య కారణం చలనం. ఏకైక ఆవేశం గల రేడియం అయానుకు ప్రధానమైన గీత 468 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి కాంతిలో, సుమారు 640 టెరాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద ఉంది. దాని సహజమైన వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు దగ్గరగా ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో రేడియం అయాన్లు సెకనుకు 180 మీటర్ల ప్రాంతపు వేగంతో అన్ని దిక్కులా తిరుగుతుంటాయి. ఎదురొచ్చే దానికి కాంతి పౌనఃపున్యం ఎక్కువగా, దూరం పోయే దానికి తక్కువగా అనిపించే డాప్లర్ ప్రభావం వల్ల ఆ గీత 500 మెగాహెర్ట్జ్‌కు పైగా సాగిపోతుంది. అదే అయానులో 728 నానోమీటర్ల దగ్గరి మరో గీత సహజ వెడల్పు ఒక హెర్ట్జ్ కన్నా తక్కువ. గది ఉష్ణోగ్రతలో అలాంటి గీత సన్నదనం ఏ మాత్రం అక్కరకు రాదు. కాబట్టి కొలతకు ముందు అయాను నిలవాలి, చల్లబడాలి.

నిలబెట్టే పని విద్యుత్ క్షేత్రాలది. కదలని విద్యుత్ క్షేత్రాలతో మాత్రమే ఏ ఆవేశాన్నీ శూన్యంలో స్థిరంగా నిలబెట్టలేమని 19వ శతాబ్దంలోనే ఎర్న్‌షా నిరూపించాడు. ఒక దిక్కున నొక్కితే మరో దిక్కున జారిపోతుంది. 1950లలో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పాల్ దీనికి మార్గం కనుగొన్నాడు. క్షేత్రాన్ని సెకనుకు లక్షల సార్లు తిప్పి వేస్తే, అయాను ఒక వైపు జారడం మొదలుపెట్టేలోపే ఆ వైపు గోడగా మారుతుంది. సగటున అన్ని దిక్కుల నుంచీ లోపలికే తోపు అందుతుంది. నాలుగు లోహపు కడ్డీలు, వాటికి కొన్ని వందల వోల్టుల రేడియో పౌనఃపున్య విద్యుత్తు, చివరల్లో స్థిరమైన వోల్టేజి, చుట్టూ అతి గాఢమైన శూన్యం ఉంటే ఉచ్చు సిద్ధమైనట్టే. ఎలక్ట్రోడుల మధ్య దూరం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రాన్ని వాడే పెన్నింగ్ ఉచ్చు మరో రకం. రేడియోధార్మిక కేంద్రకాల ద్రవ్యరాశులను తూచడంలో, ముఖ్యంగా ఐరోపా అణు పరిశోధన కేంద్రమైన సెర్న్‌లోని ఐసోల్‌ట్రాప్ పరికరంలో, దాని సేవ గొప్పది. అది ఈ వ్యాసం పరిధిలో లేదు.

చల్లబరిచే పని కాంతిది. ఈ ఆలోచనను 1975లో పరమాణువుల విషయంలో హెన్ష్, షాలో, ఉచ్చులోని అయాన్ల విషయంలో వైన్‌లాండ్, డెమెల్ట్ విడివిడిగా ప్రతిపాదించారు. 1978లో అమెరికాలోని బౌల్డర్‌లో మెగ్నీషియం అయాన్ల మీద, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బేరియం అయాన్ల మీద అది నిజమైంది. లేజరు పౌనఃపున్యాన్ని గీత కన్నా కొద్దిగా తక్కువకు శ్రుతి చేస్తారు. నిలిచి ఉన్న అయాను ఆ కాంతిని అంతగా పట్టించుకోదు. కాంతికి ఎదురుగా కదిలే అయానుకు మాత్రం డాప్లర్ ప్రభావం వల్ల అది సరిగ్గా తన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, ఫోటాన్‌ను పీల్చుకుంటుంది. జడివానలో పరుగెత్తే మనిషికి వెనక నుంచి వచ్చే చినుకుల కన్నా ఎదురు చినుకులు ఎక్కువ తగిలినట్టు, అయానుకు కూడా తన చలనాన్ని అడ్డుకునే ఫోటాన్లే ఎక్కువ తగులుతాయి. పీల్చుకున్న ఫోటాన్‌ను అది తరువాత ఏ దిక్కుకైనా విడుదల చేస్తుంది కనుక ఆ తోపులు సగటున రద్దవుతాయి, పీల్చుకున్నప్పటి తోపు మాత్రం మిగులుతుంది. రేడియం అయానుకు ఒక్క ఫోటాన్ వల్ల కలిగే వేగపు మార్పు సెకనుకు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. సెకనుకు 180 మీటర్ల వేగాన్ని అణచాలంటే దాదాపు 50,000 ఫోటాన్లు కావాలి. అయాను సెకనుకు కోట్ల ఫోటాన్లను పీల్చి వదలగలదు కాబట్టి ఆదర్శ పరిస్థితిలో ఇది మిల్లీసెకన్ల పని. ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. పీల్చడం, వదలడం అనే యాదృచ్ఛికత వల్ల కలిగే కుదుపు అయానును పూర్తిగా ఆగనివ్వదు. గీత వెడల్పు నుంచి లెక్కించే ఆ హద్దు రేడియం అయానుకు పరమశూన్య ఉష్ణోగ్రత కన్నా అర మిల్లీకెల్విన్ పైన, అంటే డిగ్రీలో రెండు వేల వంతు దగ్గర, ఉంటుంది.

చల్లబడిన అయాను ఉచ్చు మధ్యలో కాంతి తరంగదైర్ఘ్యం కన్నా తక్కువ మేర కదులుతుంటే డాప్లర్ విస్తరణ తొలి స్థాయిలో మాయమవుతుంది. గీత పక్కన అయాను ఊగిసలాట వల్ల పుట్టే పార్శ్వ గీతలు విడిగా నిలుస్తాయి, నడిమి గీత సన్నగా మిగులుతుంది. కోట్ల అయాన్ల మందను వేడిగా కొలిచిన దాని కన్నా ఒక్క అయానును చల్లగా కొలిచినప్పుడు వచ్చే సమాధానం ఎన్నో రెట్లు మేలైనదిగా ఉండటానికి కారణం ఇదే. రేడియోధార్మిక ఐసోటోపుల విషయంలో ఇది సౌకర్యం మాత్రమే కాదు, అనివార్యం. మంద దొరకదు కనుక ఒక్కదాన్నే లక్షల సార్లు ప్రశ్నించాలి.

రేడియం అయానులో ఆచరణ ఎలా ఉంటుందో కాస్త వివరంగా చూడటం మంచిది, ఎందుకంటే చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి. 468 నానోమీటర్ల కాంతితో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ పదింట తొమ్మిది సార్లు తిరిగి అత్యల్ప శక్తి గల భూస్థాయికే వస్తుంది. మిగిలిన ఒక్కసారి మధ్యలో ఉన్న ఒక దీర్ఘాయుష్షు గల స్థాయిలోకి జారి అక్కడే ఉండిపోతుంది. అంటే పది, పదకొండు ఫోటాన్ల తరువాత అయాను చీకటైపోతుంది, చల్లబరచడం ఆగిపోతుంది. 50,000 ఫోటాన్లు కావలసిన చోట ఇది పెద్ద అడ్డంకి. దానికి విరుగుడుగా 1,079 నానోమీటర్ల పరారుణ లేజరును కూడా నిరంతరం ప్రసరింపజేసి, జారిపడ్డ ఎలక్ట్రాన్‌ను మళ్లీ చక్రంలోకి తెస్తారు. రెండు లేజర్లూ వెలుగుతున్నంత సేపూ ఒక్క అయాను కెమెరాలో నీలి చుక్కగా కనిపిస్తుంది.

ఇక కొలత. 728 నానోమీటర్ల సన్నని గీత మీద మూడో లేజరును కొద్దిసేపు వేస్తారు. అయాను ఆ కాంతిని పీల్చుకుని ఉంటే దాని ఎలక్ట్రాన్ దాదాపు మూడో వంతు సెకను ఆయుష్షు గల మరో స్థాయిలో దాక్కుంటుంది. అప్పుడు నీలి లేజరు వేస్తే చుక్క వెలగదు. పీల్చుకోకపోతే వెలుగుతుంది. ఒకే ఒక్క ఫోటాన్ పీల్చుకోవడమా, కాదా అన్న ప్రశ్నకు లక్షల నీలి ఫోటాన్ల ఉనికి, లేమి రూపంలో జవాబు దొరుకుతుంది. డెమెల్ట్ సూచించిన ఈ పద్ధతి సందిగ్ధానికి చోటివ్వదు. లేజరు పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ ఇదే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడిగితే గీత ఆకారం బయటపడుతుంది. ఉచ్చుకు పాల్, డెమెల్ట్‌లకు 1989లోను, విడి అయాన్లపై నియంత్రణకు వైన్‌లాండ్‌కు 2012లోను నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

రేడియం అయాన్లను ఉచ్చులో పట్టి వర్ణపటం తీసే పని 2010 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో మొదలైంది. అక్కడ త్వరణ యంత్రంలో పుట్టిన స్వల్పాయుష్షు రేడియం ఐసోటోపులను పలుచని వాయువు సాయంతో నెమ్మదింపజేసి కొలిచారు. లేజరుతో చల్లబరచడం 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో, 1,600 ఏళ్ల అర్ధాయువు గల రేడియం-226తో సాధ్యమైంది. అదే బృందం 2022లో రేడియం అయానుతో కాంతి గడియారాన్ని ప్రదర్శించింది. చీకట్లో మెరిసే రేడియం ముళ్ల గడియారాలను చూసిన తరం ఇంకా ఉంది గాని, ఈ గడియారంలో రేడియం మెరుపు కోసం లేదు, లోలకం స్థానంలో ఉంది. రేడియం అయానుకు కావలసిన లేజర్లన్నీ చిన్న డయోడ్ లేజర్లతో లభించే రంగుల్లోనే ఉండటం వల్ల, చోటు నుంచి చోటుకు తరలించగల గడియారానికి అది అనువైన అయాను.

శ్రీకాకుళం ఇసుకకు అతి దగ్గరగా వచ్చే ప్రయోగం ఆ తరువాతిది. రేడియం-224 అర్ధాయువు 3.6 రోజులే కాబట్టి దాన్ని తెప్పించుకుని దాచుకోవడం కుదరదు. అదే ప్రయోగశాల థోరియం-228ను ఒక చిన్న కొలిమిలో ఉంచింది. థోరియం క్షీణిస్తూ రేడియం-224ను నిరంతరం పుట్టిస్తుంది. కొలిమిని వేడి చేసినప్పుడు రేడియం ఆవిరై బయటికి వస్తుంది, థోరియం లోపలే ఉండిపోతుంది. బయటికి వచ్చిన పరమాణువులను రెండు దశల లేజరు కాంతితో అయాన్లుగా మార్చి ఉచ్చులో పడేశారు. 2023లో ప్రచురితమైన ఈ పద్ధతితో త్వరణ యంత్రం అవసరం లేకుండా, ఒక బల్ల మీద పట్టే పరికరంతోనే స్వల్పాయుష్షు అయాన్లు దొరుకుతున్నాయి. థోరియం-228, దాని బిడ్డ రేడియం-224 అన్న ఈ జంట మన తీరపు మోనజైట్‌లోని ప్రతి రేణువులోనూ ఉన్న జంటే.

రేడియం-224 మీద ఆసక్తికి ప్రత్యేక కారణం ఉంది. 2013లో సెర్న్‌లోని ఐసోల్డే ప్రయోగశాలలో జరిగిన ప్రయోగం ఆ కేంద్రకం ఒక వైపు ఉబ్బి మరో వైపు సన్నబడిన పియర్ పండు ఆకారంలో ఉందని చూపింది. దీని పక్క ఐసోటోపు రేడియం-225కు భ్రమణం కూడా ఉంది. ఇలాంటి కేంద్రకంలో కాలాన్ని వెనక్కి తిప్పితే మారిపోయే లక్షణం ఏదైనా ఉంటే, అది పాదరసం వంటి గుండ్రని కేంద్రకంలో కన్నా వంద నుంచి వెయ్యి రెట్లు పెద్దదిగా బయటపడుతుందని సిద్ధాంతం చెబుతుంది. విశ్వంలో పదార్థం మిగిలి ప్రతిపదార్థం ఎందుకు మిగలలేదన్న ప్రశ్నకు అలాంటి లక్షణమే కీలకం. అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల తటస్థ రేడియం-225 పరమాణువులను లేజరుతో పట్టి, ఆ లక్షణం ఇంతకన్నా పెద్దది కాదనే తొలి హద్దును 2015లో ప్రకటించింది. రేడియం అయానుకు ఇతర పరమాణువులను అతికించి, అణువుల అయాన్లను ఉచ్చులోనే తయారు చేసి వాటిలో ఇదే లక్షణాన్ని వెతకడం ఇప్పటి ప్రయత్నం. అణువు లోపలి విద్యుత్ క్షేత్రం ప్రయోగశాలలో మనం పుట్టించగల ఏ క్షేత్రం కన్నా ఎన్నో రెట్లు బలమైనది కావడమే ఇక్కడి లాభం.

పారిటీ ఉల్లంఘన మరో దారి. కేంద్రకాల్లో పనిచేసే మూల బలాల్లో ఒకటైన బలహీన బలం అద్దంలో ప్రతిబింబాన్ని అసలు రూపంతో సమానంగా చూడదు. ఆ వివక్ష పరమాణు వర్ణపటంలో అతి స్వల్పంగా కనిపిస్తుంది, కేంద్రకపు ఆవేశం పెరిగే కొద్దీ దాని ఘనం కన్నా వేగంగా పెరుగుతుంది. 1997లో బౌల్డర్‌లో సీజియం పరమాణువుల మీద దీన్ని అర శాతం కన్నా మెరుగైన ఖచ్చితత్వంతో కొలిచారు. ఒంటరి అయాను మీద ఈ కొలత చేయవచ్చని 1993లో ఫోర్ట్‌సన్ సూచించాడు. రేడియం అయానులో ఈ ప్రభావం సీజియంలో కన్నా దాదాపు 50 రెట్లు పెద్దదని 2008లో గ్రోనింగెన్ వారితో కలిసి లెక్కించిన వారిలో భారతీయ శాస్త్రవేత్తలు బి.కె. సాహు, బి.పి. దాస్, దేబాశిష్ ముఖర్జీ ఉన్నారు. కొలిచిన సంఖ్యకు అర్థం రావాలంటే అంతే ఖచ్చితమైన పరమాణు గణితం కావాలి, ఆ గణితంలో మన దేశానికి మంచి పేరుంది. ప్రయోగం వైపు ఆ స్థాయి ఇంకా రాలేదన్నది నిజం.

ఈ రంగంలో అందరికన్నా ముందు నడిచిన బరువైన ప్రయోగం మాత్రం బరువైన మూలకం మీద జరగలేదు. జపాన్‌లోని రికెన్ సంస్థ బెరీలియం రేడియోధార్మిక ఐసోటోపులను ఎంచుకుంది. కాంతి వేగంలో గణనీయమైన భాగంతో దూసుకొచ్చే కేంద్రకాలను హీలియం వాయువులో ఆపి, రేడియో క్షేత్రాలతో ఒక చిన్న రంధ్రం వైపు నడిపించి, ఉచ్చులో పట్టి, 313 నానోమీటర్ల అతినీలలోహిత లేజరుతో పది మిల్లీకెల్విన్ ప్రాంతానికి చల్లబరిచారు. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి నుంచి ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతుకు, అంటే పదిహేను దశాంశ స్థానాల మేర శక్తిని తగ్గించడమన్న మాట. వారు ముందు 53 రోజుల అర్ధాయువు గల బెరీలియం-7ను, తరువాత 14 సెకన్లు కూడా లేని బెరీలియం-11ను కొలిచారు.

బెరీలియం-11 విచిత్రమైనది. దాని చివరి న్యూట్రాన్ బెరీలియం-10 అనే గుండెకాయకు అంటీముట్టనట్టు చాలా దూరంగా మేఘంలా పరచుకుని ఉంటుంది. ఆ కేంద్రకపు అయస్కాంతత్వమంతా ప్రధానంగా ఆ ఒక్క న్యూట్రాన్‌దే. కాబట్టి అయస్కాంతత్వం ఎంత విస్తారంగా పరచుకుందో అతిసూక్ష్మ విభజనలోని చిన్న తేడా చెప్పాలి. 2014లో ప్రచురితమైన ఫలితంలో ఆ విభజనను సూచించే స్థిరాంకం పరిమాణం 2,677.3 మెగాహెర్ట్జ్‌గా, కోటిలో ఒక వంతు కన్నా తక్కువ అనిశ్చితితో తేలింది. 14 సెకన్లలో సగం మాయమైపోయే అతిథితో ఇంత మెళకువగా సంభాషించగలగడం ఉచ్చు లేకుండా ఊహించలేనిది. వేగంగా పోయే అయాన్ల పుంజానికి సమాంతరంగా లేజరును పంపే పాత పద్ధతి ఇప్పటికీ అన్నింటికన్నా ఎక్కువ ఐసోటోపులను కొలుస్తోంది. 1980లలో రేడియం ఐసోటోపుల పెద్ద వరస వ్యాసార్ధాలను తెలిపింది అదే. విస్తృతికి పుంజం, లోతుకు ఉచ్చు అని పనులు పంచుకున్నట్టు ఈ రెండూ నడుస్తున్నాయి.

అన్ని అయాన్లూ లేజరుకు లొంగవు. అనువైన రంగులో గీత లేని వాటిని, లొంగే మరో అయానుతో ఒకే ఉచ్చులో ఉంచుతారు. రెండింటి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక ఒకదాన్ని చల్లబరిస్తే రెండోదీ చల్లబడుతుంది. లొంగని అయాను జవాబును కూడా తోడు అయాను ద్వారానే చదివే విధానాన్ని 2005లో బౌల్డర్‌లో అల్యూమినియం అయానుతో ప్రదర్శించారు.

ఇప్పుడు థోరియం దగ్గరికే తిరిగి రావచ్చు, అయితే ఈసారి థోరియం-229 అనే ఐసోటోపు దగ్గరికి. కేంద్రకాలను ఉత్తేజపరచడానికి సాధారణంగా వేల, లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, లేజర్లకు అది అందదు. తెలిసిన కేంద్రకాల్లో థోరియం-229కి మాత్రమే దాదాపు 8.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తులో, 148 నానోమీటర్ల కాంతికి అందే ఉత్తేజిత స్థాయి ఉంది. అలాంటిది ఉండవచ్చన్న సూచన 1976 నాటిది. దాన్ని గడియారంగా వాడవచ్చని 2003లో పైక్, టామ్ ప్రతిపాదించారు. 2024లో జర్మనీ, ఆస్ట్రియా బృందం స్ఫటికంలో పొదిగిన థోరియం-229ను లేజరుతో తొలిసారి ఉత్తేజపరిచింది, అమెరికాలో మరో బృందం మరో స్ఫటికంలో దాన్ని ధ్రువపరిచింది. కొన్ని నెలల్లోనే బౌల్డర్‌లోని జిలా సంస్థ ఆ పౌనఃపున్యాన్ని కిలోహెర్ట్జ్ స్థాయి దాకా, 2,020 టెరాహెర్ట్జ్ మీద, తేల్చింది.

స్ఫటికంలో కోట్ల కోట్ల కేంద్రకాలు ఒకేసారి దొరుకుతాయి గాని, చుట్టూ ఉన్న పరమాణువుల ప్రభావం వాటి గీతను కదిలిస్తుంది. శూన్యంలో ఒంటరిగా నిలిచిన అయానుకు ఆ బెడద లేదు. మూడు ఎలక్ట్రాన్లు తీసేసిన థోరియం అయానులో బయట ఒకే ఎలక్ట్రాన్ మిగులుతుంది, అది అందుబాటు లేజర్లకు లొంగుతుంది. 2011లో జార్జియా టెక్ బృందం థోరియం-229 త్రిగుణ అయాన్లను లేజరుతో చల్లబరిచింది. 2024లో రికెన్ బృందం ఉచ్చులోని అలాంటి అయాన్లలో ఉత్తేజిత కేంద్రకపు అర్ధాయువు సుమారు 1,400 సెకన్లని కొలిచింది. ఇంత నిదానంగా దిగే కేంద్రకపు గీత ఎంత సన్నగా ఉంటుందో ఊహించవచ్చు. స్ఫటికం ముందు వచ్చినా, ఆఖరి ఖచ్చితత్వం ఉచ్చులోని ఒక్క అయానుకే దక్కే అవకాశం ఎక్కువ.

థోరియం-229 ప్రకృతిలో దాదాపు దొరకదు. యురేనియం-233 ఆల్ఫా క్షయం నుంచి అది వస్తుంది. యురేనియం-233 కూడా ప్రకృతిలో లేదు, థోరియం-232ను రియాక్టరులో న్యూట్రాన్లకు గురిచేస్తే పుడుతుంది. సరిగ్గా ఈ మార్గాన్నే భారత అణుశక్తి కార్యక్రమం దశాబ్దాలుగా తన మూడో దశగా చెప్పుకుంటోంది. కల్పాక్కంలో 1996 నుంచి ఉన్న కామిని అనే చిన్న పరిశోధన రియాక్టరు యురేనియం-233 ఇంధనంతోనే నడుస్తుంది. యురేనియం-233 అర్ధాయువు సుమారు 1.6 లక్షల ఏళ్లు కాబట్టి, ఒక గ్రాము యురేనియం-233ను 30 ఏళ్లు ఊరికే ఉంచితే అందులో మిల్లీగ్రాములో ఎనిమిదో వంతు థోరియం-229 చేరుతుంది. అయాను ఉచ్చుల అవసరాలతో పోలిస్తే అది తరాలకు సరిపడే నిల్వ.

అంతమాత్రాన కళింగపట్నం ఒడ్డున ఇసుక పట్టుకెళ్లి ఎవరైనా ఈ ప్రయోగాలు మొదలుపెట్టవచ్చని కాదు. అణుశక్తి చట్టాల ప్రకారం మోనజైట్ నియంత్రిత పదార్థం. ఇచ్ఛాపురం దాటి ఉత్తరాన ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపురంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఇసుక ఖనిజాలను వేరు చేస్తోంది. మోనజైట్‌ను విడదీసే పనిలో థోరియం, అరుదైన మృత్తికలు, రేడియం తలో దారి పడతాయి. రేడియం-228 వ్యర్థాల వైపు పోతుంది. రసాయనికంగా థోరియమే అయిన థోరియం-228 మాత్రం థోరియం-232తోనే ఉండిపోతుంది, ఏ రసాయన పద్ధతీ ఆ రెండింటినీ విడదీయలేదు. పలుచన కాని థోరియం-228 కావాలంటే ముందు రేడియం-228ను వేరు చేసి, దాన్నే కొంతకాలం పెరగనివ్వాలి. గత శతాబ్దం మొదట్లో ఒట్టో హాన్ మెసోథోరియం అని పిలిచిన రేడియం-228ను మోనజైట్ నుంచే తీసి వైద్యానికి, మెరిసే రంగులకు అమ్మేవారు. కాబట్టి ఆ రసాయన శాస్త్రం కొత్తదేమీ కాదు.

ఉచ్చుల వైపు చూస్తే, పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో యిటర్బియం అయానుతో కాంతి గడియారం మీద పని జరుగుతోంది, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రంలో పెన్నింగ్ ఉచ్చు, రేడియోధార్మిక అయాను పుంజాల మీద అనుభవం ఉంది. లేజర్లు, శూన్య సాంకేతికత, గణిత సిద్ధాంతం దేశంలో విడివిడిగా ఉన్నాయి. మూలపదార్థం అణుశక్తి విభాగం చేతిలో ఉంది. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగ్గది. థోరియం నుంచి యురేనియం-233 తయారు చేసేటప్పుడు తప్పనిసరిగా కొద్దిగా యురేనియం-232 కూడా పుడుతుంది. దాని సంతానంలోని థాలియం-208 విడుదల చేసే 2.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలే థోరియం ఇంధన చక్రంలో ఇంజనీర్లకు అతి పెద్ద తలనొప్పి, మందమైన కవచాలకు, దూర నియంత్రణ యంత్రాలకు కారణం. యురేనియం-232 క్షీణించి థోరియం-228 అవుతుంది, థోరియం-228 రేడియం-224 అవుతుంది. రియాక్టరు వైపు నుంచి చూస్తే వదిలించుకోవలసిన ఆ మలినమే ఉచ్చు వైపు నుంచి చూస్తే పియర్ ఆకారపు కేంద్రకానికి ఊట. యురేనియం-233 నిల్వ నుంచి వచ్చే థోరియం-229 కూడా క్షీణించి ముందు రేడియం-225గా, ఆపైన క్యాన్సర్ చికిత్సలో ఇప్పుడు ఎంతో గిరాకీ ఉన్న ఆక్టినియం-225గా మారుతుంది. ఆక్టినియం కోసం థోరియం-229ను దాచి, వంతులవారీగా దాని బిడ్డలను వేరు చేసే ఏర్పాటు ఎక్కడ నెలకొన్నా, దారిలో తగిలే రేడియం-225లో అతి స్వల్ప భాగాన్ని అయాను ఉచ్చుకు ఇవ్వడం వైద్యానికి లోటు చేయదు. వైద్యానికి లక్షల కోట్ల పరమాణువులు కావాలి, ఉచ్చుకు కావలసినవి కొన్నే.